ఫోన్ పోయే లోపే సర్దుకోవాల్సినవి: ఒక సాయంత్రం పని

ఫోన్ పోయిందనగానే ముందు గుర్తొచ్చేది దాని ఖరీదు. పదిహేను వేలో, ఇరవై వేలో. నిజానికి ఆ పూట పోయేవాటిలో అన్నిటికన్నా చవకైనది అదే. ఫోన్ పోతే వచ్చిపడే ప్రమాదాలు రెండు రకాలు. మొదటిది, దొంగ లోపలికి రావడం: మీ సిమ్‌తో ఓటీపీలు తెప్పించుకోవడం, బ్యాంకు ఖాతా ఊడ్చేయడం, మీ వాట్సాప్ నుంచి మీ బావగారికి ‘అర్జెంటుగా ఐదు వేలు వేయండి’ అని పెట్టడం. రెండోది, మీరే బయట ఉండిపోవడం: కొత్త ఫోన్ కొన్నాక జీమెయిల్ తెరుద్దామంటే, పోయిన ఫోన్‌లో ‘అవును, నేనే’ అని నొక్కమంటుంది.

జాగ్రత్తలు చెప్పేవాళ్లు ఎక్కువగా మొదటిదాని గురించే చెబుతారు. ఆ మాట విని తాళం మీద తాళం వేసినవాళ్లే రెండోదాంట్లో ఇరుక్కుంటారు. తాళంచెవులన్నీ లోపలే పెట్టి తలుపు లాగేసుకున్నట్టు. అందుకే కింద చెప్పే దాదాపు ప్రతి పనికీ రెండు సగాలుంటాయి: తాళం వేయడం, దాని మారు తాళంచెవి ఫోన్ బయట ఎక్కడైనా దాచడం. రెండో సగం ఈరోజు కుదరదనుకుంటే మొదటి సగం కూడా రేపటికి వాయిదా వేయండి.

గంటన్నర పడుతుంది. పెన్ను, ఒక తెల్లకాగితం, ఇంట్లో ఇంకొకరి ఫోన్ గానీ కంప్యూటర్ గానీ దగ్గర పెట్టుకోండి. ఇక్కడ చెప్పేది ఎక్కువగా ఆండ్రాయిడ్‌కి. శాంసంగ్, రెడ్‌మీ, వివో, రియల్‌మీ ఫోన్లలో మెనూల పేర్లు, చోట్లు మారుతుంటాయి కాబట్టి వెతుక్కుంటూ తిరగకుండా సెట్టింగ్స్ పైన ఉండే సెర్చ్ పెట్టెలో పేరు కొట్టండి.

ముందు ఫోన్ కవర్ తీసి చూడండి

ఫోన్ వెనక కవర్‌లో ఏటీఎం కార్డు ఉందా? ఉంటే ఇప్పుడే తీసేయండి. ఈ గైడ్‌లో ఒక్క పనే చేస్తామంటే ఇది చేయండి చాలు. ఎందుకో చెబుతాం.

యూపీఐ పిన్ దొంగకి తెలియదు కదా అని మనం ధీమాగా ఉంటాం. కానీ పిన్ తెలియకపోయినా కొత్తది పెట్టుకోవచ్చు. ‘ఫర్గాట్ పిన్’ నొక్కితే అడిగేవి: డెబిట్ కార్డు మీది చివరి 6 అంకెలు, దాని గడువు తేదీ, ఆ నంబరుకి వచ్చే ఓటీపీ. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి, అన్నీ అడగవు. సిమ్ ఫోన్‌లో ఉంది, కార్డు కవర్‌లో ఉంది. దొంగ మీ ఫోన్ లాక్ తీయాల్సిన పని కూడా లేదు. సిమ్ తీసి తన ఫోన్‌లో వేసుకుని, యూపీఐ యాప్ ఎక్కించుకుంటే, ఆ నంబరుతో ముడిపడిన ఖాతాలు వరసగా కనబడతాయి. కార్డు చూసి పిన్ మార్చుకోవడమే తరువాయి.

కార్డు కవర్‌లో లేకపోయినా గ్యాలరీలో ఉండొచ్చు. ఎప్పుడో ఎవరికో పంపడానికి తీసిన కార్డు ఫొటో, పాసుబుక్కు మొదటి పేజీ, ఆధార్ రెండు వైపులా. ఆధార్ అంకెలు, ఆధార్‌కి లింకైన నంబరుకి వచ్చే ఓటీపీ ఉంటే కార్డు లేకుండానే యూపీఐ పిన్ పెట్టుకునే దారి ఉంది. గూగుల్ ఫొటోస్‌లో ‘ఆధార్’, ‘కార్డ్’ అని ఇంగ్లిష్‌లో వెతికితే ఇలాంటివి చాలావరకు బయటపడతాయి. వాట్సాప్‌లో ‘నాకు నేనే’ పంపుకున్న చాట్ కూడా చూడండి, సగం పత్రాలు అక్కడే ఉంటాయి. తీసేశాక బిన్ కూడా ఖాళీ చేయండి, లేదంటే అవి ఇంకా అక్కడే ఉంటాయి. ఆధార్ చూపించాల్సి వస్తే డిజీలాకర్‌లో ఉంచుకోండి. ఎవరికైనా కాపీ ఇవ్వాలంటే ఆధార్ సంస్థ ఉడాయ్ సైట్‌లో చివరి 4 అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్ దించుకుని ఇవ్వొచ్చు.

యూపీఐ లైట్ వాడేవాళ్లకి ఇంకో మాట. అందులో వేసుకున్న డబ్బుకి పిన్ అక్కర్లేదు. వ్యాలెట్ పరిమితి 5,000 రూపాయలు, ఒక్కో చెల్లింపుకి 1,000. టీ, ఆటో ఖర్చులకి బాగుంటుంది గానీ, జేబులో నోట్లు పెట్టుకున్నట్టే అనుకుని అంతే వేసుకోండి.

స్క్రీన్ లాక్

ప్యాటర్న్ వాడుతుంటే మార్చేయండి. బస్సులో పక్క సీటువాడు ఒక్కసారి చూస్తే గుర్తుపెట్టుకునే లాక్ అది, పైగా అద్దం మీద వేలి జాడ కూడా మిగులుతుంది. 4 అంకెల పిన్‌కి పదివేల రకాలే ఉంటాయి, 6 అంకెలైతే పది లక్షలు. పుట్టినరోజు, బండి నంబరు వద్దు. యూపీఐ పిన్‌నే ఫోన్ పిన్‌గా పెట్టుకోవడం చాలామందికి అలవాటు. అది అన్నిటికన్నా చెడ్డది, ఎందుకంటే ఫోన్ పిన్ రోజుకి యాభైసార్లు నలుగురి ముందు కొడతాం.

ఫోన్ పిన్ తెలిసినవాడు ఫోన్ మాత్రమే తెరవడు. ఆ పిన్‌తోనే గూగుల్ పాస్‌వర్డ్ మార్చొచ్చు, దాచిన పాస్‌వర్డ్‌లన్నీ చూడొచ్చు. దీనికి విరుగుడుగా ఐఫోన్‌లో 2024 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 17.3 నుంచి ‘స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్’ ఉంది. దాన్ని ఆన్ చేస్తే, తెలిసిన చోట కాకుండా బయట ఉన్నప్పుడు ముఖ్యమైన మార్పులకి పిన్ సరిపోదు, ముఖమో వేలిముద్రో కావాలి. కొత్త పిక్సెల్, శాంసంగ్ ఫోన్లలో ఇలాంటిదే ‘ఐడెంటిటీ చెక్’ పేరుతో ఉంటుంది. ఉంటే ఆన్ చేయండి.

ఆండ్రాయిడ్ 10, ఆపైన ఉన్న ఫోన్లలో సెట్టింగ్స్‌లో ‘థెఫ్ట్ ప్రొటెక్షన్’ అని వెతకండి. మూడు స్విచ్‌లు ఉంటాయి. చేతిలోంచి లాక్కుని పరిగెత్తినట్టు కదలిక కనబడితే స్క్రీన్ లాక్ చేసేది ఒకటి. ఇంటర్నెట్ తెగితే లాక్ చేసేది ఒకటి. మూడోది ‘రిమోట్ లాక్’. ఇది ముఖ్యం: పోయాక ఎవరి ఫోన్ నుంచైనా ఆండ్రాయిడ్ డాట్ కామ్ స్లాష్ లాక్ పేజీకి వెళ్లి, కేవలం మీ నంబరు కొట్టి లాక్ చేయొచ్చు. పాస్‌వర్డ్ గుర్తుండక్కర్లేదు. కాకపోతే ముందే ఆన్ చేసి, నంబరు వెరిఫై చేసి ఉండాలి. పోయాక చేద్దామంటే కుదరదు.

లాక్ స్క్రీన్ మీద సందేశాలు కనబడకుండా చేయండి. నోటిఫికేషన్స్‌లో ‘సెన్సిటివ్’ అన్న స్విచ్ అదే. అది ఆన్‌లో ఉంటే లాక్ తీయకుండానే ఓటీపీ చదివేయొచ్చు, ఇక లాక్ ఉన్నా లేనట్టే. లాక్ స్క్రీన్ మీద పైనుంచి లాగితే వచ్చే పట్టీలో ఏరోప్లేన్ మోడ్ నొక్కగలుగుతున్నారా చూడండి. దొంగ అది నొక్కితే ఇంటర్నెట్ తెగి, రిమోట్ లాక్ కూడా పనిచేయదు. శాంసంగ్‌లో ‘లాక్ నెట్‌వర్క్ అండ్ సెక్యూరిటీ’ ఆన్ చేస్తే దానికి కూడా పిన్ అడుగుతుంది. ఇంకొన్ని కంపెనీల ఫోన్లలో లాక్ స్క్రీన్ మీద ఆ పట్టీ రాకుండా ఆపే స్విచ్ ఉంటుంది.

సిమ్ పిన్: పావుగంట పని, జాగ్రత్తగా చేయాల్సిన పని

ఇంతసేపు ఫోన్‌కి తాళం వేశాం. సిమ్‌కి లేదు. సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే ఓటీపీలన్నీ అక్కడికే పోతాయి. సిమ్‌కి పిన్ పెడితే, ఏ ఫోన్‌లో వేసినా, మీ ఫోన్ ఆపి ఆన్ చేసినా, పిన్ కొట్టేదాకా నెట్‌వర్క్ రాదు.

1. సిమ్ వచ్చిన ప్లాస్టిక్ కార్డు దొరికితే బయటికి తీయండి. దాని మీద పీయూకే అని 8 అంకెల నంబరు ఉండొచ్చు. దొరకకపోతే కస్టమర్ కేర్‌ని అడిగి ముందే రాసుకోండి. ఇది కాగితం మీదికి ఎక్కకుండా తర్వాతి మెట్టుకి వెళ్లొద్దు.
2. సిమ్‌కి ఇప్పటికే కంపెనీ పెట్టిన పిన్ ఒకటి ఉంటుంది. అదేంటో కూడా కస్టమర్ కేర్‌నే అడగండి. ఊహించి కొట్టొద్దు. మూడుసార్లు తప్పితే పీయూకే అడుగుతుంది. పీయూకే పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు, కొత్తది తెచ్చుకోవాల్సిందే.
3. సెట్టింగ్స్‌లో ‘సిమ్ లాక్’ అని వెతికి, ఆన్ చేసి, కంపెనీ పిన్ కొట్టండి.
4. వెంటనే ‘ఛేంజ్ సిమ్ పిన్’ నొక్కి మీ సొంత పిన్ పెట్టండి. ఈ మెట్టు మరిచిపోతే లాభం లేదు, కంపెనీ పిన్ దొంగకీ తెలిసే ఉంటుంది.
5. ఫోన్ ఆపి ఆన్ చేసి, పిన్ అడుగుతోందో లేదో చూడండి. రెండు సిమ్‌లుంటే రెండోదానికీ ఇదంతా చేయండి.

దీనివల్ల వచ్చే ఇబ్బంది ఒకటుంది. రాత్రి అప్‌డేట్ ఎక్కి ఫోన్ తనంతట తాను రీస్టార్ట్ అయితే, పొద్దున మీరు పిన్ కొట్టేదాకా కాల్స్ రావు. ఆసుపత్రిలో మనవాళ్లున్న రోజుల్లో ఆటో అప్‌డేట్ ఆపుకోండి. ఈ-సిమ్ వాడేవాళ్లకి సిమ్ లాగేసే భయం లేదు. కానీ ఫోన్ పగిలిపోతే దాన్ని ఇంకో ఫోన్‌లోకి మార్చుకోవడానికి ఆపరేటర్ దగ్గరికి వెళ్లాల్సి రావచ్చు. మామూలు సిమ్ అయితే తీసి వేసుకుంటే అయిపోయేది.

గూగుల్ ఖాతా

ఫొటోలు, కాంటాక్టులు, వాట్సాప్ బ్యాకప్, దాచిన పాస్‌వర్డ్‌లు అన్నీ దీని వెనకే ఉంటాయి. ఇది పోతే మిగతావి ఒక్కొక్కటే పోతాయి.

కంప్యూటర్‌లో గూగుల్ అకౌంట్ తెరిచి ‘సెక్యూరిటీ’లోకి వెళ్లండి. రికవరీ నంబరు, రికవరీ ఈమెయిల్ చూడండి. రికవరీ నంబరు అదే ఫోన్‌లోని అదే సిమ్ అయితే అది పోయిన రోజున అక్కరకి రాదు. రికవరీ ఈమెయిల్‌గా మీ రెండో ఖాతా పెట్టి, అది కూడా అదే ఫోన్‌లో మాత్రమే తెరిచి ఉంటే అదీ అంతే. భార్యదో భర్తదో, నమ్మకమైన తమ్ముడిదో ఈమెయిల్ పెట్టండి.

తర్వాత ‘2-స్టెప్ వెరిఫికేషన్’ ఆన్ చేసి, అదే పేజీలో ‘బ్యాకప్ కోడ్స్’ తీయండి. ఒక్కోటి 8 అంకెలు, మొత్తం 10 కోడ్‌లు ఇస్తుంది. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. ఇవే మారు తాళంచెవులు. ఫోన్ లేకుండా, సిమ్ లేకుండా, పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్ కొడితే ఖాతా తెరుచుకుంటుంది. వీటిని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో దాచినవాళ్లు చాలామంది ఉంటారు! కాగితం మీద రాయండి. మళ్లీ కొత్త కోడ్‌లు తీస్తే పాతవి చెల్లవు, కాబట్టి కాగితం మీద తేదీ వేయండి.

రాసుకున్నాక అక్కడితో ఆపొద్దు. ఇంట్లోవాళ్ల ఫోన్‌లో బ్రౌజర్ ప్రైవేట్ విండో తెరిచి, మీ ఖాతాలోకి ఒక కోడ్‌తో వెళ్లి చూడండి. ‘ట్రై అనదర్ వే’ ఎక్కడుందో తెలుస్తుంది, రాసిన అంకెల్లో తప్పుంటే ఇప్పుడే బయటపడుతుంది. వాడిన కోడ్‌ని కొట్టేయండి, ఇంకా తొమ్మిది ఉంటాయి.

ఓటీపీలు పుట్టించే ఆథెంటికేటర్ యాప్ వాడుతుంటే దానికీ ఇదే సూత్రం. యాప్ ఒక్క ఫోన్‌లోనే ఉంటే, ఫోన్‌తో పాటు అన్ని ఖాతాల చెవులూ పోయినట్టే. గూగుల్ ఆథెంటికేటర్‌ 2023 నుంచి గూగుల్ ఖాతాకి సింక్ అవుతోంది, అంటే కాపీ అక్కడా ఉంటుంది. ఏజిస్ లాంటిదైతే పాస్‌వర్డ్ వేసిన ఎక్స్‌పోర్ట్ ఫైలు తీసి ఇంకోచోట పెట్టుకోవాలి. పాస్‌వర్డ్‌లన్నీ ఒకేచోట దాచే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ వాడితే, బిట్‌వార్డెన్ ఉచితంగానే దొరుకుతుంది, దాని మాస్టర్ పాస్‌వర్డ్ కూడా కాగితం మీదికి ఎక్కాలి. మరిచిపోతే కంపెనీ కూడా తెరిచి ఇవ్వలేదు.

వాట్సాప్

సెట్టింగ్స్‌లో అకౌంట్, దానిలో ‘టూ-స్టెప్ వెరిఫికేషన్’. 6 అంకెల పిన్ పెట్టండి. సిమ్ దొంగ చేతికి వెళ్లి, వాడు ఓటీపీ కొట్టినా ఈ పిన్ దగ్గర ఆగిపోతాడు. పిన్‌తో పాటు ఈమెయిల్ అడుగుతుంది. చాలామంది ‘స్కిప్’ నొక్కుతారు. నొక్కొద్దు. ఈమెయిల్ ఇవ్వకుండా పిన్ మరిచిపోతే కొత్త ఫోన్‌లో వాట్సాప్ తెరవడానికి 7 రోజులు ఆగాలి.

‘లింక్డ్ డివైసెస్’ కూడా ఓసారి తెరిచి చూడండి. ఎప్పుడో జిరాక్స్ షాపులో ప్రింటు కోసం తెరిచిన వాట్సాప్ వెబ్ ఇంకా అక్కడే ఉందేమో.

బ్యాకప్ విషయానికొస్తే, గూగుల్ ఖాతాలో దాచే వాట్సాప్ బ్యాకప్‌కి మామూలుగా ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే మీరు తప్ప ఇంకెవరూ చదవలేని తాళం, ఉండదు. 2021 నుంచి కావాలనుకున్నవాళ్లకి ఆ ఎన్‌క్రిప్షన్ ఇచ్చారు, పాస్‌వర్డ్‌తో గానీ 64 అక్షరాల కీతో గానీ. ఆ పాస్‌వర్డ్ పోతే, పాత ఫోన్ కూడా లేకపోతే, వాట్సాప్ కూడా ఏమీ చేయలేదు. పదేళ్ల చాట్లు, పోయినవాళ్ల గొంతుతో ఉన్న ఆడియోలు అందులో ఉంటాయి. కాగితం మీద రాసి దాచే ఓపిక ఉంటేనే ఇది ఆన్ చేయండి. ఆ ఓపిక లేనివాళ్లు ఆన్ చేయకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

చాట్ బ్యాకప్ పేజీలో ‘చివరి బ్యాకప్’ తేదీ చూడండి. నెలల కిందటిదైతే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోవడం. జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి అంతే. కొన్నేళ్లపాటు ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్‌ని ఈ లెక్కలో వేసేవారు కాదు, ఇప్పుడు అదీ ఇందులోకే వస్తుంది. బ్యాకప్ పేజీలో ‘ఇన్‌క్లూడ్ వీడియోస్’ ఆపితే చాలామందికి సమస్య తీరిపోతుంది. గుడ్ మార్నింగ్ వీడియోలకి మారు తాళం అక్కర్లేదు.

ఫొటోలు, కాంటాక్టులు

పగిలిన ఫోన్‌ని రిపేర్ షాపుకి తీసుకెళ్లి ‘ఫోన్ పోతే పోనీ, ఫొటోలు తీసివ్వండి’ అంటారు. బోర్డు చచ్చిపోతే ఇప్పటి ఫోన్లలో అది దాదాపు జరగని పని. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఫోన్ల నుంచి లోపలి స్టోరేజ్ ఎన్‌క్రిప్ట్ అయ్యే వస్తుంది. తాళం ఆ బోర్డులోని చిప్‌తోనూ మీ పిన్‌తోనూ ముడిపడి ఉంటుంది. మెమరీ చిప్ ఊడదీసి వేరే దాంట్లో పెట్టినా కనబడేది చెత్తే. దొంగ నుంచి కాపాడేదే ఇక్కడ మనల్నీ ఆపుతుంది.

గూగుల్ ఫొటోస్ ఆన్ చేసి ఉంటే మంచిదే. కానీ అది సింక్, పూర్తి బ్యాకప్ కాదు. ఆ యాప్‌లో ఒక ఫొటో తీసేస్తే ఖాతాలోనూ పోతుంది. బ్యాకప్ అయిన ఫొటో బిన్‌లో 60 రోజులు ఉంటుంది, ఆ తర్వాత ఎవరినడిగినా రాదు. రెండేళ్లు ఏ రకంగానూ తెరవని ఖాతాని గూగుల్ తీసేయొచ్చు కూడా. అందుకని మూడు నెలలకోసారి కేబుల్ పెట్టి, ‘డీసీఐఎం’ ఫోల్డరూ, ‘ఆండ్రాయిడ్’ లోపల ‘మీడియా’లో ఉండే వాట్సాప్ ఫోల్డరూ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. పెన్ డ్రైవ్ వద్దు. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి డ్రాయర్‌లో పడుంటే అందులోని డేటా చెడిపోవచ్చు. కాపీ అయ్యాక ఓ నాలుగు ఫొటోలు, ఒక వీడియో డిస్క్ నుంచే తెరిచి చూడండి.

కాంటాక్టులు కొందరికి ఇంకా సిమ్‌లోనూ, ఫోన్‌లోనూ ఉంటాయి. కంప్యూటర్‌లో గూగుల్ కాంటాక్ట్స్ తెరిచి, అక్కడ కనబడే సంఖ్యని ఫోన్‌లోని సంఖ్యతో పోల్చండి. తక్కువుంటే ఫోన్ కాంటాక్ట్స్ యాప్ సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతాలోకి జరపండి, కొత్తవి అక్కడే సేవ్ అయ్యేలా డిఫాల్ట్ మార్చండి. పొరపాటున అన్నీ చెరిపేసినా 30 రోజుల లోపు ‘అన్‌డూ’ ఉంటుంది.

కాగితం మీద ఏముండాలి

గూగుల్ బ్యాకప్ కోడ్‌లు. గూగుల్, పాస్‌వర్డ్ మేనేజర్ పాస్‌వర్డ్‌లు. సిమ్ పిన్, పీయూకే. వాట్సాప్ పిన్, బ్యాకప్ పాస్‌వర్డ్ ఉంటే అదీ. ఫోన్ ఐఎంఈఐ నంబర్లు, అంటే ఆ ఫోన్‌కే ఉండే గుర్తింపు నంబర్లు: *#06# కొడితే 15 అంకెలవి కనబడతాయి, రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండు. బ్యాంకు, సిమ్ కంపెనీ హెల్ప్‌లైన్ నంబర్లు, బ్యాంకు సైట్‌లో చూసి రాయండి. గూగుల్‌లో వెతికితే దొంగ కస్టమర్ కేర్లు తగులుతాయి, కంగారులో ఉన్నవాడికి తేడా తెలియదు. యూపీఐ పిన్, ఏటీఎం పిన్ మాత్రం రాయొద్దు.

ఒక కాపీ పట్టాదారు పాసుపుస్తకం, బంగారం రసీదులు దాచే చోట పెట్టండి. రెండోది వేరే ఇంట్లో, అక్క దగ్గరో అమ్మ దగ్గరో. పర్సులో వద్దు, పర్సూ ఫోనూ తరచూ కలిసే పోతాయి.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఫోన్

ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంటుంది. ఫోన్ అమ్మిన షాపు కుర్రాడు అక్కడికక్కడే ఒక జీమెయిల్ తెరిచి, ఏదో పాస్‌వర్డ్ పెట్టి ఇచ్చేస్తాడు. ఆ పేరు, పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియవు. నాలుగేళ్ల మనవళ్ల ఫొటోలన్నీ ఆ ఖాతాలోనే ఉంటాయి. ఫోన్ బతికున్నంత వరకే దాన్ని సరిచేయగలం: సెట్టింగ్స్‌లో గూగుల్ పేరు మీద నొక్కి ఖాతా పేరు రాసుకోండి, సెక్యూరిటీలో పాస్‌వర్డ్ దగ్గర ‘ఫర్గాట్’ నొక్కండి. ఆ ఫోన్ స్క్రీన్ పిన్‌తోనే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోనిస్తుంది. రికవరీ ఈమెయిల్‌గా మీది పెట్టండి. ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు చేయాల్సిన మొదటి పని ఇదే.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లు తమ ఇండియా నంబరు సంగతి కూడా చూసుకోవాలి. రీచార్జి లేక డిస్‌కనెక్ట్ అయిన నంబరుని కనీసం 90 రోజులు ఆగి ఇంకొకరికి ఇచ్చేస్తారు. బ్యాంకు ఖాతా ఇంకా ఆ నంబరుకే ఉంటే ఓటీపీలు కొత్తాయనకి పోతాయి. నంబరు వదిలేయదలిస్తే, అది బతికుండగానే బ్యాంకులో, ఆధార్‌లో, గూగుల్‌లో మార్చుకోండి.

పోయిన రోజు

వరస ముఖ్యం. ముందు పక్కవాళ్ల ఫోన్‌లో రిమోట్ లాక్. దీనికి మీ సిమ్ పనిచేస్తూ, ఫోన్ ఇంటర్నెట్‌లో ఉండాలి, అందుకే సిమ్ బ్లాక్ చేయించడానికి ముందే ఇది. ఐదు నిమిషాల్లో కాకపోతే వదిలేయండి. తర్వాత సిమ్ కంపెనీకి ఫోన్ చేసి సిమ్ ఆపించండి. తర్వాత బ్యాంకు: యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్, కార్డు మూడూ ఆపమని చెప్పి, ఫిర్యాదు నంబరు, టైము రాసుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జులై సర్క్యులర్ ప్రకారం, తప్పు మీది గానీ బ్యాంకుది గానీ కాని మోసంలో బ్యాంకు కబురు వచ్చిన 3 పనిదినాల్లోపు చెబితే నష్టం మీకు అంటదు. మీ నిర్లక్ష్యమే ఉన్నా, మీరు చెప్పిన తర్వాత పోయినదానికి బాధ్యత బ్యాంకుదే. అందుకే ఆ టైము అంత ముఖ్యం. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. అది గంటల లెక్కలో తేలే విషయం.

ఫోన్ ఎక్కడుందో ‘ఫైండ్ హబ్’లో చూడొచ్చు. గూగుల్‌లోకి వెళ్లడానికి బ్యాకప్ కోడ్ ఇక్కడే అక్కరకొస్తుంది. ‘ఎరేజ్’ మాత్రం చివరగా నొక్కండి. చెరిపేశాక ఫోన్ జాడ ఇక కనబడదు. జాడ కనబడింది కదా అని ఒంటరిగా వెళ్లొద్దు.

డూప్లికేట్ సిమ్ వచ్చాక తొలి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. సిమ్ పాడైందేమో అని షాపు చుట్టూ తిరగకండి, మోసాలు ఆపడానికి పెట్టిన నిబంధన అది. అంటే ఓటీపీ కావాల్సిన పనులన్నీ ఒకరోజు ఆగుతాయి. చేతి ఖర్చులకి నోట్లు చూసుకోండి.

పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదిచ్చి కాపీ తీసుకున్నాక, ప్రభుత్వ టెలికాం పోర్టల్ సంచార్ సాథీలో, పోయిన ఫోన్లని ఆపే సీఈఐఆర్ విభాగంలో ఫోన్‌ని బ్లాక్ చేయండి. ఐఎంఈఐలు, ఫిర్యాదు కాపీ, గుర్తింపు కార్డు కావాలి, కొత్త సిమ్‌కి ఓటీపీ వస్తుంది. ఇచ్చే రిక్వెస్ట్ ఐడీ జాగ్రత్త. బ్లాక్ అయిన ఫోన్‌లో ఏ ఆపరేటర్ సిమ్ వేసినా పనిచేయదు, ఎవరైనా వేస్తే ఆ జాడ పోలీసులకి తెలుస్తుంది.

చేతిలో ఉండగానే పోయే ఫోన్

పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలుని (యాప్‌ని ఎక్కించే ఫైలు) ఎక్కిస్తే ఫోన్ జేబులోనే ఉండి దొంగ చేతికి వెళ్లిపోతుంది. అలాంటి యాప్ ఎస్సెమ్మెస్ చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చారంటే ఓటీపీలు అటు వెళ్తాయి. ‘యాక్సెసిబిలిటీ’ అనే అనుమతి కూడా ఇస్తే మీ బదులు స్క్రీన్ మీద నొక్కగలదు. సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ తెరిచి వాట్సాప్, క్రోమ్, ఫైల్ మేనేజర్లకి ఆపేయండి.

ఎక్కించేసి ఉంటే: ఏరోప్లేన్ మోడ్ పెట్టి వైఫై కూడా ఆపండి, వేరే ఫోన్‌ నుంచి బ్యాంకుకి చేయండి, ఆ తర్వాత యాప్ తీసేయండి. ‘అన్‌ఇన్‌స్టాల్’ నొక్కనివ్వకపోతే ‘డివైస్ అడ్మిన్ యాప్స్’లో దాని టిక్కు తీయాలి. అప్పటికీ లొంగకపోతే, మనం ఎక్కించిన యాప్‌లు నడవకుండా ఫోన్ తెరుచుకునే సేఫ్ మోడ్‌లో తీయాలి. ఐకాన్ కనబడని రకాలూ ఉంటాయి, యాప్స్ పూర్తి జాబితాలో చూడండి. అనుమానం మిగిలితే ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే మేలు. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్‌లోంచి మార్చండి.

ఫోన్ దొరికితే

పోలీసులు పిలిచి ఇచ్చినా అది వెంటనే పనిచేయదు. సీఈఐఆర్‌లో అదే రిక్వెస్ట్ ఐడీతో అన్‌బ్లాక్ చేయాలి. ఎవరి చేతుల్లో తిరిగిందో తెలియదు కాబట్టి ఫ్యాక్టరీ రీసెట్ చేసి మొదలుపెట్టండి. దొంగ రికవరీ మోడ్ నుంచి అప్పటికే చెరిపేసి ఉంటే, ఆన్ కాగానే అంతకు ముందున్న గూగుల్ ఖాతా పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. దొంగకి అది అమ్ముడుపోకుండా చేసిన ఏర్పాటు. ఆ ఖాతా షాపు కుర్రాడు తెరిచిందై ఉండి, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియకపోతే, ఫోన్ మీదే అని బిల్లు పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లాలి. అందుకే బిల్లు ఫొటో కాకుండా బిల్లునే ఆ కాగితంతో పాటు పెట్టండి.